అరవోడు, గొల్టి, హిందీవాడు

తిరుపతి బస్టాండులో, అలిపిరి దగ్గర ఆటోల్లో పొద్దస్తమానం చెవినబడే మాట "అరవోడు". వేలూరు నుంచి వచ్చినాయన పక్కనే నిలబడి వింటూ ఉంటాడు. మన తెలుగు ఆయనకు అర్థం కాదనుకోవడం మొదటి పొరపాటు. తిరుత్తణి, పళ్లిపట్టు 1960 ఏప్రిల్ 1 దాకా మన చిత్తూరు జిల్లావే. అక్కడ తెలుగిళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నగరి, పుత్తూరు వైపైతే ఒకే ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి.

అసలు అరవం అన్న మాటలో తిట్టేమీ లేదు. తెలుగు నేలకు ఆనుకుని ఉన్న తమిళ ప్రాంతాన్ని పూర్వం అరువనాడు అనేవారు, ఆ పేరే ఇలా మారిందని పండితులు చెబుతారు. బ్రౌన్ నిఘంటువులోనూ అరవమంటే తమిళమే. "రవం లేనిది అరవం", "అరిచేది అరవం" అన్నవి తర్వాత అల్లుకున్న వెక్కిరింతలు. మాటను చెడగొట్టింది ఇవీ, అరవ గోల, అరవ చాకిరి లాంటి జోడింపులూ. వందసార్లు అలా విన్నవాళ్లకు ఉత్త "అరవం" కూడా గుచ్చుకుంటుంది.

ఇంకో చిక్కు మాట చివర ఉంది. మన జిల్లా యాసలో "ఓళ్లు" అమర్యాద కాదు. మా ఇంటోళ్లు, మా ఊరోళ్లు అని ప్రేమగానే అంటాం. ఏకవచనంలోకి దిగితేనే తేడా. "అరవోళ్లు వచ్చినారు" అంటే సమాచారం, "అరవోడు వచ్చినాడు" అంటే చులకన, "గాడు" చేరిస్తే నేరుగా తిట్టే. ఆడవాళ్ల విషయంలో "అరవది" ఇంకా ఘోరం. తమిళాయన, తమిళామె అనడానికి నోరు ఎక్కువ తిరగాల్సిన పనేం లేదు. ఆయప్ప, ఆయమ్మ ఉండనే ఉన్నాయి.

అటునుంచి మనకు తగిలేది "గొల్టి". తెలుగు అన్న మాటను తిరగేసి చేసిందని చెబుతారు. చెన్నైలో చదివే మన పిల్లలకు అది ఎంత మండుతుందో, ఇక్కడ "అరవోడు" విన్నాయనకూ అంతే మండుతుంది.

మరాఠీలు, గుజరాతీలు, ఒడియావాళ్లు, అందరినీ కలిపి "హిందీవాళ్లు" అనడం ఉత్త బద్ధకం. ఉత్తరాదిలో మనల్ని "మదరాసీ" అంటే ఊరుకోం కదా!

తెల్లవాళ్లకు పాత పేరు పరంగి. ఫ్రాంకు అన్న జాతి పేరు అరబ్బీ, పారశీకాల మీదుగా మనదాకా వచ్చింది. ఇప్పుడది మనుషుల్ని వదిలేసి కాయల్ని పట్టుకుంది: కన్నడంలో పరంగి హణ్ణు బొప్పాయి, తమిళంలో పరంగిక్కాయ్ గుమ్మడి. రెండూ అమెరికా ఖండం పంటలే. ఇలా కాయకు అంటుకున్న పేరుతో ఎవరికీ నొప్పి లేదు. ఆఫ్రికా విద్యార్థిని "నీగ్రో", "నల్లోడు" అనడం మాత్రం వేరు. అది ఒంటి రంగును పట్టి పిలవడం, ఏ యాసలో అన్నా తప్పే.

కౌంటర్లో కూర్చునేవాళ్లకు, ఆటో నడిపేవాళ్లకు తేలికైన దారి ఒకటుంది. భాషతో కాదు, ఊరితో పిలవండి. "ఏ ఊరు సామీ?" అని అడిగితే చాలు. వేలూరాయన, నాసిక్కు అమ్మ, కటకం నుంచి వచ్చిన పెద్దాయన. టోకెను ఎవరిదో, సామాను ఎవరిదో గుర్తుపట్టడానికీ ఇదే పనికొస్తుంది. లైన్లో నలభైమంది తమిళులుంటే "అరవాయన బ్యాగు" అంటే ఎవరిదని వెతుకుతారు?