హామర్‌మ్యాన్ కొడుకు ఇంటికి వెళ్లొచ్చాం

గేల్స్‌బర్గ్ వెళ్తానంటే మా అమ్మాయి ముందు ఒప్పుకోలేదు. "అక్కడేముంది నాన్నా, మొక్కజొన్న చేలు తప్ప" అంది. నేపర్‌విల్‌లో ఉండే తెలుగువాళ్లం అరోరా బాలాజీ గుడి దాకా, లేదంటే చికాగో దాకా వెళ్తాం కానీ అటు పడమరకు రైలెక్కేవాళ్లు తక్కువే. అయినా పట్టుబట్టాను. కారణం మా మనవడు. అంతకుముందు వారం చికాగోలో సరస్సు ఒడ్డున జెయింట్ వీల్ ఎక్కి, పైన ఆగినప్పుడు "దీన్ని ఎవరు కనిపెట్టారు తాతా?" అని అడిగాడు. (ఇద్దరికీ అయిన టికెట్ డబ్బులను రూపాయల్లోకి మార్చుకుంటే మా చిన్నప్పటి రెండు నెలల రేషన్ వచ్చేది.) ఇంటికొచ్చి వెతికితే పేరు దొరికింది. జార్జ్ వాషింగ్టన్ గేల్ ఫెర్రిస్, 1859లో గేల్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఇల్లినాయ్ రాష్ట్రంలోనే, ముప్పై వేల జనాభా ఉన్న ఊరు, నేపర్‌విల్ నుంచి నేరుగా రైలుంది. శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని తాతా మనవళ్లం బయల్దేరాం.

రైలు పేరు కార్ల్ శాండ్‌బర్గ్. కవి పేరు పెట్టిన రైలన్నమాట, ఆయనదీ గేల్స్‌బర్గే. మనకూ గోదావరి, కృష్ణా, చార్మినార్ ఉన్నాయి కానీ ఒక హామర్‌మ్యాన్ (కమ్మరి పక్కన సుత్తి కొట్టేవాడు) కొడుకు పేరుతో రైలు నడుస్తుందని నేను అనుకోలేదు. ఆ సంగతి కూడా అక్కడికెళ్లాకే తెలిసింది. రెండు గంటల దారంతా మా అమ్మాయి చెప్పినట్టు మొక్కజొన్నే.

దిగగానే మావాడు "చక్రం ఎక్కడ?" అన్నాడు. మేం తిరిగిన వీధుల్లో ఎక్కడా చక్రం లేదు. ఫెర్రిస్‌కు ఐదేళ్లప్పుడే వాళ్ల కుటుంబం నెవాడా వెళ్లిపోయింది. 1837లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి వచ్చి ఈ ఊరు కట్టినవాళ్లలో ఆయన తాత ఒకరు. వాళ్లను తీసుకొచ్చిన పాస్టర్ గేల్ పేరే ఊరికీ, ఈ పిల్లవాడికీ పెట్టారు. మావాడి మొహం వాడిపోతుంటే ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, 1893 చికాగో ఎక్స్‌పోలో ఫెర్రిస్ నిలబెట్టిన మొదటి చక్రం ఎంతదో చెప్పాను. ఎత్తు 264 అడుగులు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. వాడు వేళ్ల మీద లెక్క వేసి 2160 అన్నాడు. సరిగ్గా అంతే. ఆ ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడిన వివేకానందుడు అదే ఏడాది ఆ ఎక్స్‌పోకే వెళ్లాడు. మహబూబ్ కాలేజీ మా ఇంటికి దగ్గరే కాబట్టి అది చెప్పినప్పుడు మాత్రం వాడి కళ్లు పెద్దవయ్యాయి. మిగతా కథ పిల్లాడికి చెప్పలేదు. ఫెర్రిస్ 37 ఏళ్లకే టైఫాయిడ్‌తో పోయాడు, అస్థికలు తీసుకెళ్లేవాళ్లు లేక ఏడాదికి పైగా శ్మశానంలోనే ఉండిపోయాయి, చక్రాన్ని 1906లో డైనమైట్ పెట్టి కూల్చి తుక్కు కింద అమ్మేశారు. ప్రతి తిరునాళ్లలో తిరిగే చక్రం వెనక ఇంత విషాదం ఉందంటే నాకు చాలాసేపు మనసు మనసులో లేదు.

మధ్యాహ్నం సంగతి క్లుప్తంగా చెప్తాను. పులిహోర రైల్లోనే అయిపోయింది. హోటల్లో రెండు సాండ్‌విచ్‌లు, ఒక కాఫీ, టిప్పుతో కలిపి నలభై డాలర్లు. కాఫీ చల్లారిపోయి ఉంది. కోర్టు ముందు మేరీ ఆన్ బికర్‌డైక్ విగ్రహం చూశాం. ఈ ఊళ్లో ఉంటున్న వితంతువు, అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు సేవ చేయడానికి వెళ్లింది, పై అధికారులు ఎవరినీ లెక్కచేయలేదు. గాయపడ్డ సిపాయి తల ఎత్తి నీళ్లు పట్టిస్తున్నట్టు చెక్కారు. అమెరికా అధ్యక్షుడిగా చేసిన రీగన్ కూడా చిన్నప్పుడు ఇక్కడ బడికెళ్లాడట. నాక్స్ కాలేజీలో ఓల్డ్ మెయిన్ అనే ఎర్ర ఇటుకల భవనం ఉంది. 1858 అక్టోబర్ 7న బానిసత్వం మీద లింకన్, సెనేట్ ఎన్నికల్లో ఆయన ప్రత్యర్థి డగ్లస్ వాదించుకున్నది దాని పక్కనే. వేదిక మీదికి వెళ్లడానికి లింకన్ భవనం లోపలి నుంచి కిటికీ దాటి రావాల్సొచ్చిందని చెప్తారు.

నేను ఈ ఊరు మర్చిపోలేనిది మాత్రం మూడో వీధిలో ఉన్న ఆ చిన్న ఇంటి వల్ల. స్టేషన్ నుంచి నడిచే దూరమే. మూడు గదులు, తెల్ల రంగు చెక్క గోడలు, తల వంచాలనిపించే గుమ్మం. శాండ్‌బర్గ్ 1878లో ఇక్కడ పుట్టాడు, ఎండిన మొక్కజొన్న పొత్తుల ఆకులు కుక్కిన పరుపు మీద. తండ్రి ఆగస్ట్, స్వీడన్ నుంచి వలస వచ్చినవాడు, రైల్వే షాపులో కమ్మరి పక్కన సుత్తి కొట్టేవాడు. మన వర్క్‌షాపుల్లో అయితే హామర్‌మ్యాన్.

మా నాన్న సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో హామర్‌మ్యాన్. ముప్పై నాలుగేళ్లు.

అక్కడ ఒక పెద్దాయన మాట కలిపాడు. ఆయన తండ్రి కూడా రైల్వేలోనే చేశాడట. ఆయన మాత్రం ఊళ్లో ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా 2004లో దాన్ని మూసేసి మెక్సికో తరలించారు. "మీరు ఎక్కడి నుంచి వచ్చారు?" అంటే ఊరు చెప్పకుండా మా నాన్న పని చెప్పాను. దాంతో ఆయన పక్కనే కూర్చుని ఆగస్ట్ గురించి చెప్పుకుంటూ పోయాడు. ఆగస్ట్ అసలు ఇంటిపేరు శాండ్‌బర్గ్ కాదు. షాపులో ఒకే పేరున్నవాళ్లు ఎక్కువై ఒకరి జీతం ఒకరికి పోతుంటే మార్చుకున్నాడు. మా నాన్న షాపులో ముగ్గురు యాదగిరులుండేవాళ్లు, అందుకే అక్కడ ఎవరినీ పేరుతో పిలిచేవాళ్లు కాదు, టోకెన్ నంబరే. నాన్న ఇత్తడి బిళ్ల ఇప్పటికీ మా బీరువాలో ఉంది, నంబరు దగ్గర అరిగి నున్నగా అయిపోయింది. ఆగస్ట్‌కు చదవడం వచ్చు, రాయడం రాదు. నాన్నకు రెండూ రావు, బిళ్ల మీద అంకెలు మాత్రం వేలితో తడిమి చెప్పేవాడు.

ఆగస్ట్ జీతం గంటకు 14 సెంట్లు, రోజుకు పది గంటల పని. ఆ మాట వినగానే ఫెర్రిస్ చక్రం టికెట్ గుర్తొచ్చింది, 50 సెంట్లు. తన ఊళ్లోనే పుట్టినవాడు కట్టిన చక్రం ఒకసారి ఎక్కాలంటే ఆగస్ట్ మూడున్నర గంటలకు పైగా సుత్తి కొట్టాలి. నాంపల్లి నుమాయిష్‌లో నాన్న మా ముగ్గురికీ టికెట్లు కొని తను కిందే నిలబడేవాడు. "నాకు తల తిరుగుతుందిరా" అనేవాడు. మేం నమ్మేవాళ్లం. పైనుంచి చూస్తే మా చెప్పులు చేతిలో పట్టుకుని తల ఎత్తి మావైపే చూస్తూ కనిపించేవాడు.

ఆగస్ట్ కొడుకు పదమూడేళ్లకే బడి మానేశాడు, పాలబండి తోలాడు, పందొమ్మిదేళ్లకు టికెట్ లేకుండా గూడ్సు బండెక్కి పడమర ప్రాంతాలు తిరిగాడు. తర్వాత రచనలకు మూడు పులిట్జర్ బహుమతులు వచ్చాయి, అందులో ఒకటి లింకన్ జీవిత చరిత్రకు. కుటుంబం కొంతకాలానికే ఈ ఇల్లు వదిలేసింది. 1940లలో ఒక రిటైర్డ్ టీచరమ్మ పూనుకుని, చందాలు పోగుచేసి నిలబెట్టింది. 1967లో ఆయన పోయాక అస్థికలు తెచ్చి పెరట్లో ఎర్ర బండ కింద ఉంచారు. ప్రపంచమంతా తిరిగినవాడు చివరికి ఆ మూడు గదుల వెనక్కే వచ్చాడు. మావాడు బండ చుట్టూ రెండుసార్లు తిరిగి, "ముత్తాత ఇల్లు కూడా ఇలాగే ఉందా తాతా?" అన్నాడు. రైల్వే క్వార్టరు కదా, ఎప్పుడో కూల్చేశారు, ఇప్పుడక్కడ వాహనాలు పెడుతున్నారు. అదే చెప్పాను. ఇంకేం అడగలేదు, నా వేలు పట్టుకున్నాడు.

సాయంత్రం రైలు నలభై నిమిషాలు లేటు. ప్లాట్‌ఫారం మీద చలిగాలి, మావాడికి ఆకలి, వాళ్లమ్మ ఫోన్ మీద ఫోన్. ఇంతలో ఒక గూడ్సు వచ్చింది, ఎంతకీ అయిపోదు. చిన్నప్పుడు లాలాగూడ గేటు దగ్గర లెక్కపెట్టినట్టు డబ్బాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మావాడూ గొంతు కలిపాడు. ఎనభై ఏడు దగ్గర వాడికి ఆవలింత వచ్చి తప్పాడు, "నువ్వు ఆపకు తాతా" అన్నాడు. ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది, తొంభై.