బాపు కరిగించిన సీసం, మేం ఎత్తిన మట్టి

వరంగల్ కాశిబుగ్గలో మా ఇల్లు. బాపు ముప్పై ఏళ్లు లారీ బ్యాటరీల పని చేశాడు. పాత బ్యాటరీలు పగలగొట్టి, పెరట్లో జామచెట్టు కింద ఇనుప మూకుట్లో సీసం కరిగించి పోత పోసేవాడు. ఆ పనితోనే నన్ను డిగ్రీ చదివించాడు. అందుకే ఇది రాయడానికి చాన్నాళ్లు మనసొప్పలేదు.

మా పాపకు నాలుగేళ్లు. అన్నం తినదు, కడుపునొప్పి అంటుంది. ఐరన్ టానిక్ వాడినా రక్తం పెరగలేదు. "ఇంట్ల ఎవరన్న బ్యాటరీల పని చేస్తరా అమ్మా?" అని పిల్లల డాక్టరమ్మ అడిగేదాకా నాకు తట్టనేలేదు. రక్తం హైదరాబాద్ పంపితే సీసం డెసిలీటరుకు 14 మైక్రోగ్రాములని వచ్చింది. 5 వచ్చినా సరే, ఎక్కడి నుంచి వస్తుందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. సీసాన్ని బయటికి లాగే మందు మాత్రం మామూలుగా 45 దాటితేనే ఇస్తారట. "ముందు పెరడుకు వైద్యం చెయ్యండి" అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం చెట్టు మొదట్లో పుల్లతో గీకి చూశాను. బూడిదరంగు ముద్దలు, శనగగింజలంత. గోరుతో గీస్తే తళుక్కుమన్నాయి. పాప అప్పటికే వాటిని కొబ్బరిచిప్పలో ఏరి దాచుకుంది, "నా పైసలు" అని.

పొడి చీపురు బంద్ చెయ్యమన్నారు. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. ఆమె ఉన్నన్నాళ్లు సాన్పి చల్లాకే ఊడ్చేది, దుమ్ము లేచేది కాదు. ఆమె పోయాక ఆఫీసు తొందరలో నేను పొడిగానే ఊడ్చాను. ఆ దుమ్మే పాప చేతులకంటి నోట్లోకి పోయింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

బోరునీళ్లు కూడా పరీక్ష చేయించాం. లీటరుకు 0.01 మిల్లీగ్రాముల హద్దు లోపలే ఉంది. సీసం మట్టిని పట్టుకుని పైపొరలోనే ఉండిపోతుంది, అంత సులువుగా కిందికి దిగదు. కుళ్లదు, ఆవిరైపోదు. ఎత్తి తీసేయాలి, లేదా కప్పేయాలి.

పాపను పరకాలలో మా అక్క దగ్గర వదిలి, మాస్కులు కట్టుకుని, నేలను తడిపి అర అడుగు లోతు మట్టి తీశాం. ఇరవై ఆరు సంచులైంది. ట్రాక్టరాయన "ఎనిమిది వందలియ్యిండ్రి, చెరువు కట్ట కింద పోసొస్త" అన్నాడు. ఆ చెరువు నీళ్లు తాగే బర్లున్నాయి, చేపలు పట్టి బతికే ఇండ్లున్నాయి. వద్దన్నాను. అడగ్గా అడగ్గా తెలిసింది, ఇలాంటి మట్టిని దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలని. దరఖాస్తు, మట్టి రిపోర్టు, మళ్లీ ఫోన్లు. రెండు నెలలు ఆ సంచులు టార్పాలిన్ కింద రేకుల షెడ్డులోనే ఉన్నాయి. ఆఖరి సంచిలో బాపు మూకుడు కూడా వేశాం.

వేళ్లు తెగుతాయని జామచెట్టు చుట్టూ తవ్వలేదు. అక్కడ సూపర్ ఫాస్ఫేట్ కలిపాం. ఫాస్ఫేటుతో కలిస్తే సీసం తొందరగా కరగని రూపంలోకి మారుతుంది. పైన అడుగు మందాన బయటి ఎర్రమట్టి పోశాం. ఇల్లంతా రోజూ తడిబట్టతో తుడుస్తున్నాం.

నాలుగు నెలలకు పాపకు 9 వచ్చింది. ఎముకల్లో చేరిన సీసం మెల్లమెల్లగా రక్తంలోకి వస్తూనే ఉంటుందట, అందుకే ఇంకా పరీక్షలున్నాయి. జామకాయలు కోశాక కడగనిదే ఇవ్వడం లేదు. పాపే గిన్నె పట్టుకుని నల్లా దగ్గర నిలబడుతోంది.