సినాప్సిస్ పాసైంది, మగతనమే కాస్త దెబ్బతింది

నా పీహెచ్‌డీ సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) మీద నిన్న సాయంత్రం రీసెర్చ్ కమిటీ సంతకాలు పెట్టింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. యూనివర్సిటీ పేరు మాత్రం అడక్కండి.

మగతనం గురించి మనోవిశ్లేషణ (ఫ్రాయిడ్ మొదలుపెట్టిన, మనసు లోపలి కోరికల్నీ భయాల్నీ తవ్వే పద్ధతి) ఏమంటుందో చూసి, దాన్ని చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసే మగవాళ్ల మాటలతో పోల్చడం నా పీహెచ్‌డీ. ప్రవేశ పరీక్ష, కోర్స్‌వర్క్ ఎట్లాగో గడిచాయి. మైగ్రేషన్ సర్టిఫికెట్ ముందే తెచ్చిపెట్టుకోండి. సెక్షన్ గుమాస్తాతో మంచిగా ఉండమని అందరూ చెబుతారు, నేను చెప్పను. ఎంత మంచిగా ఉన్నా ఆయన "రేపు రా అబ్బయా" అనే అంటాడు.

అసలు బాధ కమిటీ ముందు. టైటిల్ స్లయిడ్ పడగానే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఒక పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "ఏందయ్యా, పెళ్లైందా నీకు?" అన్నాడు. కాలేదన్నాను. "మరి నీకెట్టా తెలుసు మగతనం సంగతి? ఒంగోలోడివి గదా, గిత్తల మీద చెయ్యరాదా, గ్రాంటన్నా వస్తది!" హాలంతా నవ్వులు. మా గైడు కూడా నవ్వాడు. అది మాత్రం మర్చిపోను.

చెవులు కాలుతుంటే, వరసలో లేకపోయినా కారెన్ హోర్నై అనే జర్మన్ మనోవిశ్లేషకురాలి స్లయిడ్ తీశాను. ఫ్రాయిడ్ చెప్పిన, తండ్రి శిక్షిస్తాడన్న భయం కంటే ముందు, మగపిల్లాడికి తల్లి ముందు తాను చాలనేమో, నవ్వులపాలవుతానేమో అన్న భయం ఉంటుందని ఆమె 1932లో రాసింది. అందుకే పెద్దయ్యాక కూడా మగాడు తనను తాను రుజువు చేసుకుంటూనే ఉండాలి. "పెళ్లైందా అని మీరడిగిందీ ఆ రుజువే సార్" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. మన వైపు ఏడ్చే పిల్లాణ్ణి "ఆడపిల్లవేందిరా" అని అదిలించే ప్రతి ఇంటికీ ఆమె వ్యాసం పంచాలనిపిస్తుంది నాకు.

ఆయన వదల్లేదు. "ఇదంతా యూరప్ సరుకు, మన జిల్లాకేం పనికొస్తది?" గిరీంద్రశేఖర్ బోస్ పేరు చెప్పాను.

"నేతాజీ అన్నా?"

కాదు సార్, 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘం పెట్టిన డాక్టరు. తన దగ్గరికొచ్చే భారతీయ మగవాళ్లలో ఫ్రాయిడ్ చెప్పిన ఆ తండ్రి భయం అంత గట్టిగా కనిపించడం లేదని, ఆడదాన్ని కావాలన్న కోరిక యూరప్ వాళ్లలో కంటే తేలిగ్గా బయటపడుతోందని 1929లో ఫ్రాయిడ్‌కే ఉత్తరం రాశాడు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టుకుని వేషం వేస్తే ఎవరూ నవ్వరు గదా, నా స్లయిడ్ చూసి ఎందుకు నవ్వారు? ఇది అడిగేసరికి ఆయన మంచినీళ్లు తాగాడు. చెప్పుకోకూడదు గానీ, బాగా మాట్లాడాను.

మీరు ఇలాంటి అంశం తీసుకుంటే ఫ్రాయిడ్‌తో మొదలుపెట్టొద్దు. ఆ పేరు వినగానే కమిటీకి ఒక్క విషయమే గుర్తొస్తుంది. అయితే ఆడ, మగ అనే భావనలు శాస్త్రంలో బాగా గందరగోళమైన వాటిలో ఉన్నాయని, లైంగికత మీద రాసిన 'మూడు వ్యాసాలు' పుస్తకానికి 1915లో చేర్చిన ఫుట్‌నోట్‌లో ఆయనే ఒప్పుకున్నాడు. అది జేబులో పెట్టుకోండి. గైడు ఆదుకుంటాడని మాత్రం ఆశపడొద్దు.

చివరికి ఒక షరతు మీద ఆమోదించారు: పెళ్లైన, ఉద్యోగాల్లో ఉన్న పెద్దవాళ్లను కూడా ఇంటర్వ్యూ చెయ్యాలట. ఆ పెద్దాయనతోనే మొదలుపెడదామని ఉంది. గైడు వద్దంటున్నాడు.