మంగమారిపేట గాలిలో ఆరు మీటర్లు

వైజాగ్‌లో మూడు రోజులున్నాను. కైలాసగిరి, సబ్‌మెరైన్, అన్నీ తిరిగాను గానీ రాయాలనిపించింది మాత్రం రెండో రోజు మధ్యాహ్నం మంగమారిపేట బీచ్‌లో చేసిన కైట్‌బోర్డింగ్ గురించే, అంటే నడుముకి కట్టుకున్న పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీళ్ళపై జారుతూ గాల్లోకి లేచే ఆట.

ముందు ఆటో సంగతి. రైల్వే స్టేషన్ బయట అతను నా కైట్ బ్యాగ్ చూడగానే మంగమారిపేటకి 800 అన్నాడు. బోర్డు పట్టాలి కాబట్టి బ్యాగ్ పొడుగ్గానే ఉంటుంది, దానికి ఇంత రేటా? ఒళ్ళు మండి 900కె బస్సు ఎక్కేశాను. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు, రుషికొండ దాటేదాకా బ్యాగ్‌ని పట్టుకుని నిలబడే ఉన్నాను.

బావ అప్పటికే ఇసుకలో కూర్చుని మూరీ మిక్చర్ తింటున్నాడు. గాలి లేదు. పక్కన వల బాగుచేసుకుంటున్న తాత "ఏటి బాబూ అది, గొడుగా?" అని అడిగి, "రెండు దాటనీ, దక్షిణం గాలి లెగుస్తాది" అన్నాడు. రెండున్నరకి నిజంగానే లేచింది. ఇక్కడ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, అందుకని దక్షిణం గాలి మనిషిని ఏటవాలుగా ఒడ్డువైపే తోస్తుంది. అదే పడమటి గాలైతే సముద్రంలోకి లాక్కుపోతుంది, ఆ గాలికి నేను కైట్ బయటికే తీయను.

గాలి వేగం కొలిచే మీటర్ 20 నాట్లు, అంటే గంటకి 37 కిలోమీటర్లు చూపించింది. నా బరువు 72 కిలోలు. కైట్ ఎంత పెద్దదైతే అంత ఎత్తు లేస్తాననుకుని 12 చదరపు మీటర్లది మోసుకొచ్చాను, అదే ఎగరేశాను. గంటసేపు లాగుడే తప్ప లేవడం లేదు, ఎత్తు కొలవడానికి బోర్డుకి పెట్టిన సెన్సర్ మూడు మీటర్లు దాటలేదు. బావ తన 9 చదరపు మీటర్ల కైట్ చేతికిచ్చి, "ఆ పెద్దదానితో నువ్వు ఎడ్జ్, అదే బోర్డు అంచుని, నీళ్ళలో నొక్కి ఆపలేవు బావా, అదే నిన్ను ఈడ్చుకుపోతోంది, పైగా నిదానంగా తిరుగుతుంది" అన్నాడు.

తేడా అక్కడే తెలిసింది. ఎదురుగా ఉన్న ఆకాశాన్ని గడియారంలా అనుకుంటే పన్నెండు అంటే నడినెత్తి; కైట్ పదిన్నర దగ్గర ఉండగా బార్ (చేతుల్లో పట్టుకునే కడ్డీ) తిప్పి దాన్ని పన్నెండు మీదికి పంపిస్తాం, పంపగానే లేవాలని మన ఒళ్ళు తొందరపడుతుంది, బోర్డు చదునైపోతుంది, దాంతో 24 మీటర్ల తాళ్ళలో పేరుకున్న బిగువంతా వదులైపోతుంది. చేయాల్సింది దానికి పూర్తిగా ఉల్టా. కైట్ పైకి వెళ్తున్నంతసేపూ వెనక మడమతో నీళ్ళని ఇంకా గట్టిగా తొక్కి ఆగాలి. తాళ్ళు సన్నగా ఈల వేస్తాయి, నడుముకున్న హార్నెస్ పైకి గుంజుతుంది, అప్పుడు వెనక కాలు చాచి తన్ని, బార్ లోపలికి లాక్కోవాలి.

చిన్నప్పుడు హైదరాబాద్‌లో డాబా మీద పతంగి ఎగరేస్తుంటే నాన్న చెప్పేవాడు: "గుంజకు బిడ్డా, గాలి పట్టనియ్." నేను ముందే గుంజేవాణ్ణి, అది గిరగిరా తిరిగి పక్కింటి నీళ్ళ ట్యాంక్ మీద పడేది. ఆ మాట నీళ్ళలో ఉండగా గుర్తొచ్చింది.

నాలుగోసారి ఆగగలిగాను. మోకాళ్ళు పొట్టకి ముడుచుకున్నాను, కింద నీటి చప్పుడు ఆగిపోయింది, తోట్లకొండ మీది చెట్లు కనిపించాయి. దిగేటప్పుడు కైట్‌ని మళ్ళీ ముందుకి దించాలి, బోర్డు ముక్కు గాలి పోయేవైపు తిప్పాలి, లేకపోతే నడుము విరిగినంత పనవుతుంది. మెత్తగానే దిగాను. సెన్సర్‌లో 6.2 మీటర్లు. ఒడ్డున బావ ఫోన్ పట్టుకుని గంతులేస్తున్నాడు.

హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ (ఒంటికి దెబ్బ తగలకుండా వేసుకునే మెత్తటి జాకెట్) లేకుండా ఇది ఎవరూ చేయకండి, ఆ ఎత్తు నుంచి వెల్లకిలా పడితే నీళ్ళు కూడా నేలలాగే తగులుతాయి.

ఐదింటికి గాలి పడిపోయింది. తాత వల మడిచి భుజాన వేసుకుంటూ, "రేపు ఇంకా గట్టిగా కొడతాది, పొద్దున్నే రాకండి, తినేసి రండి" అన్నాడు. రాత్రికే టికెట్ ఉంది. మార్చుకుందామా అని బావని అడిగితే అప్పటికే ఫోన్‌లో చూస్తున్నాడు, క్యాన్సిలేషన్‌కి ఎంత కోస్తారో.