అమ్మ కష్టం, అంతర్వేది మొక్కు

మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం జరుగుతాయి. ఈ ఏడు వాటికోసం నేనూ మా చెల్లెలూ పాలకొల్లు నుంచి బయలుదేరాం. మొక్కు మాది కాదు, అమ్మది. 1987లో ఆవిడ మొక్కుకున్నదాన్ని, ఆవిడ పోయిన ఏడాదికి తీర్చడానికి వెళ్ళాం.

అమ్మ లేసు అల్లేది. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటిపని ముగిశాక అరుగుల మీద చేరి లేసు అల్లే ఆడవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. 2024లో ఆ అల్లికకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని తెలిసినప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చింది అమ్మ ఎడమచేతి చూపుడువేలు. దారం జారిజారి ఆ వేలి మొదటి కణుపు దగ్గర సన్నని గాడి పడింది. పసుపు రాసుకున్న రోజున మిగతా వేలంతా పచ్చగా ఉండి, ఆ గాడి మాత్రం తెల్లగా గీత గీసినట్టు కనిపించేది. 1986 ఆగస్టు వరదల్లో చేలు మునిగిపోయిన తరువాత ఇల్లు నడిచింది ఆ వేలి మీదే. మరుసటి ఏడు, దారం ఇచ్చి సరుకు పట్టుకెళ్ళే వ్యక్తి ఆరు నెలల కూలి ఎగవేశాడు. ఆ రాత్రి అమ్మ నాన్నతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "నా కష్టం ఉంచేసుకున్నాడండీ."

అప్పుడు నాకు పదేళ్ళు. కష్టమంటే ఏడుపు వచ్చేదనే తెలుసు గాని, ఒకరి కష్టాన్ని ఇంకొకరు ఎలా ఉంచుకుంటారో అర్థం కాలేదు. ఉంచుకుంటే మంచిదే కదా, మనకు పోయినట్టే కదా అని కూడా అనుకున్నాను. ఆ కష్టం చేతికి వస్తే పిల్లలతో కల్యాణానికి వస్తానని అమ్మ స్వామికి మొక్కుకుంది. అది రాలేదు. నేను ఉద్యోగంలో చేరాక ఎన్నిసార్లు తీసుకువెళతానన్నా, "ఆ కష్టం రాలేదుగా, మొక్కెలా చెల్లుతుంది?" అనేది.

పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుడి దర్శనం చేసుకుని, సంస్కృతం చదువుకున్న మా మేనమామగారి ఇంట్లో కాసేపు ఆగాం. ఈ మాట గురించి ఆయనను అడగాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అమరకోశమనే సంస్కృత నిఘంటువులో కష్టం ఉన్నది నరకవర్గంలోనని, పీడ, బాధ, వ్యథ, దుఃఖం అన్నీ అక్కడే దాని పక్కన ఉన్నాయని చెప్పి, "స్యాత్కష్టం కృచ్ఛ్రమాభీలమ్" అని ఆ పాదం చదివారు. దీని ధాతువు 'కష్' అని, హింస అనే అర్థంతో పాటు రాయడం, ఒరిపిడి పెట్టడం అనే అర్థం కూడా దానికి ఉందని వివరించారు. గీటురాయిని నికషం అనడం అందుకేనట. ఇక్కడ వ్యాకరణకర్త పాణిని ఒక సూక్ష్మం చూపించాడు. గీటురాయి మీద రాసిన బంగారం 'కషితం' అవుతుంది. అదే ధాతువు బాధను గాని, చొరరాని అడవిలాంటి గహనాన్ని గాని చెప్పేటప్పుడు మాత్రం నడుమ ఇకారం లేకుండా 'కష్టం' అవుతుంది. ఆ నియమానికి "కృచ్ఛ్రగహనయోః కషః" అని ఒక సూత్రమే ఉంది. ఈ లెక్క కష్టం, ఆ దారి కష్టం అని మనం అనే అర్థం ఆ గహనంలో నుంచే వచ్చి ఉంటుందని మామయ్యగారి అభిప్రాయం. ఆయన చెబుతున్నంతసేపూ నా కళ్ళకు అమ్మ వేలి మీది గాడే కనిపించింది.

కాని నరకవర్గంలోని ఆ మాటను కూలి డబ్బు దాకా నడిపించింది సంస్కృతం కాదు, మన జనం. కాయకష్టం, రెక్కల కష్టం అన్నాం. కష్టపడ్డాడంటే బాధ అనుభవించాడని, పాటుపడ్డాడని రెండర్థాలూ చెప్పుకున్నాం. వీలునామా రాసేవారు "నా స్వకష్టార్జితమైన" అని రాస్తే అందులో బాధ ఎక్కడుందని ఎవరూ వెతకరు. గోదావరి పుట్టిన త్ర్యంబకం వైపు మరాఠీవారు కూడా కూలి చేసుకు బతికేవారిని 'కష్టకరీ' అంటారు. పని అని, శ్రమ అని వేరే మాటలు మనకు లేక కాదు. వాటిలో ఒళ్ళు అరగడం వినపడదు. అందుకే పనికి ఇచ్చేది కూలి అయినా, ఎగవేసినప్పుడు పోయేది కష్టమే అవుతుంది.

ఇదే మాట అమ్మ చివరి రోజుల్లో ఇంకో రకంగా వినవలసి వచ్చింది. వైద్యుడు నన్ను బయటికి పిలిచి, "కష్టమండీ" అని ఒక్క మాటే అన్నాడు. తరువాత పలకరించడానికి వచ్చిన వారందరూ "ఎంత కష్టం వచ్చింది బాబూ" అన్నారు. ఎవరినీ కష్టపెట్టకుండా పోవాలని అమ్మ ఎప్పుడూ కోరుకునేది, అలాగే పోయింది.

నర్సాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి మీదుగా సఖినేటిపల్లి వైపు దాటుతున్నాం. మోటారు సైకిళ్ళు, తట్టలు, చంటిపిల్లలతో పంటు కిక్కిరిసి ఉంది. పక్కన నిలబడిన పెద్దావిడ మా చెల్లెలిని అడిగింది.

"ఏం మొక్కమ్మా?"

"మా అమ్మ మొక్కండి."

"ఏం కష్టమొచ్చిందమ్మా ఆవిడకి?"

"ఆవిడ కష్టం ఆవిడకి రాలేదండి."

పెద్దావిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎగ్గొట్టారా? ఎంతమ్మా?" అంది. చిన్నప్పటి నుంచి నన్ను తికమకపెట్టిన మాట ఆవిడకు విన్నవెంటనే అర్థమైపోయింది. మాతో పాటు దిగి, "సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి తల్లీ" అంటూ తన మనవడిని చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. రేవు బురదలో నిజంగానే చిన్న చిన్న పీతలు బొరియల్లోకి దూరుతూ కనిపించాయి. ఆ సామెతలో పీతకు కూడా తన కష్టం తనకుందని ఒప్పుకోవడం నాకు చాలా ఇష్టం.

అంతర్వేదిలో మొదట అన్నాచెల్లెళ్ళ గట్టుకు వెళ్ళి, నది సముద్రంలో కలిసేచోట స్నానం చేశాం. గట్టెక్కడం, గట్టెక్కించడం అనే మాటలు కష్టానికి ఎందుకు జతపడ్డాయో ఏటా వరద చూసే గోదావరి లంకల వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. తరువాత రెండు గంటలకు పైగా వరుసలో నిలబడితే దర్శనమైంది.

హుండీ దగ్గర నేను జేబులోంచి పర్సు తీశాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. అమ్మ లెక్కల పుస్తకంలో అతని పేరు ఎదురుగా మిగిలిపోయిన బాకీ 214 రూపాయలు. చెల్లెలు ఇంట్లో జాకెట్లు కుడుతుంది. కొంగుముడి విప్పి, చిల్లరతో సహా లెక్కపెట్టి ఆ మొత్తం తీసింది.

"నీ జీతం వద్దన్నయ్యా. ఇది నా కష్టం" అంటూ నోట్లు ముందు వేసి, చివరి నాలుగు రూపాయి బిళ్ళలను ఒక్కొక్కటిగా హుండీలో వదిలింది.