తబ్గాలో కనిపించని ఐదో రొట్టె

ఇశ్రాయేలులోని గలిలయ సముద్రం వాయవ్య ఒడ్డున ఉంది తబ్గా. ఏడు ఊటలు అనే అర్థమున్న గ్రీకు పేరు ‘హెప్టపెగాన్’ అరబ్బుల నోట నలిగి ఇలా మిగిలింది. మేం వెళ్లింది అక్కడి రొట్టెలు, చేపల చర్చికి. ఒక చిన్నవాడి దగ్గరున్న ఐదు రొట్టెలు, రెండు చేపలతో యేసు ఐదువేలమందికి పెట్టిన అద్భుతానికి గుర్తు అది. బలిపీఠం కింద మొరటు బండ, దాని దగ్గరే నేలమీద 5వ శతాబ్దపు రంగురాళ్ల బొమ్మ: అటొక చేప, ఇటొక చేప, నడుమ గంప. గంపలో సిలువ గుర్తున్న రొట్టెలు నాలుగే!

ఐదోది బలిపీఠం మీద ఉంది, అంటే ప్రభువు బల్లలో, యేసును తలచుకుంటూ చర్చిలో విరిచి పంచుకునే రొట్టే అది అంటారు. నాకు ఈ మాట నచ్చింది. చేపల్ని కూడా వంగి చూడండి, వీపున రెండేసి రెక్కలు. ఈ నీళ్లలో దొరికే తిలాపియాకు ఒక్కటే. ఆ పనివాడు ఇక్కడి చేపను చూసి వేసినట్టు లేదు.

యాత్రికులకు మధ్యాహ్నం ‘పేతురు చేప’ అని నిండు తిలాపియాను వేయించి పెడతారు. ఆ చిన్నవాడి దగ్గరున్నవి అంతంత చేపలని అక్కడే పొరబడతాం. ఈ కథను తన సువార్తలో రాసిన యోహాను వాడిన గ్రీకు మాట ‘ఒప్సారియొన్’, రొట్టెలోకి నంజుకునేది. మనం అన్నంలోకి ఉప్పుచేప నంజుకున్నట్టే.

అవి యవల, అంటే బార్లీ రొట్టెలని చెప్పింది కూడా నలుగురు సువార్తికుల్లో యోహాను ఒక్కడే. బైబిలు చివరి పుస్తకం ప్రకటన 6:6లో ఒక దేనారానికి (రోమా వెండి నాణెం) గోధుమలు ఒక సేరు, యవలైతే మూడు. పేదవాడి తిండి అన్నమాట. పాత నిబంధనలో ఎలీషా ప్రవక్త నూరుమందికి పెట్టిన 20 రొట్టెలూ యవలవే.

సండే స్కూలు పిల్లలకు చూపించాలంటే బార్లీ పిండితో చేయండి. గోధుమపిండికున్న సాగుడు దీనికి లేదు, చపాతీలా ఒత్తబోతే అంచులు చీలతాయి. జొన్నరొట్టెకులాగా వేడినీళ్లతో కలిపి, కాస్త మందంగా చేత్తో తట్టాలి. చల్లారితే గట్టిపడుతుంది, తుంచితే ముక్కలు రాలతాయి.

అందరూ తిన్నాక మిగిలితే పన్నెండు గంపలకెత్తిన ఆ ముక్కలకు యోహాను వాడిన మాట ‘క్లాస్మా’. తొలి సంఘపు పుస్తకం దిదఖే 9వ అధ్యాయంలో బల్ల దగ్గరి ప్రార్థనలోనూ అదే మాట: కొండలమీద చెదిరి ఉండి, పోగై ఒక్కటైన ఈ ముక్కలాగే నీ సంఘమూ భూదిగంతాలనుంచి పోగవుగాక.