యూరప్ రాజ్యాల్లో రాజకీయ, మత స్వేచ్ఛ: రెంటినీ ఒకే తక్కెడలో తూచొద్దు

ఆప్షనల్ హిస్టరీ రాసేవాళ్లకు యూరప్ రాజ్యాల్లో రాజకీయ, మత స్వేచ్ఛలను పోల్చమనే ప్రశ్న చూడ్డానికి తేలిక. ఇంగ్లండ్‌లో స్వేచ్ఛ ఉంది, ఫ్రాన్స్‌లో లేదు అని మొదలుపెడితే అక్కడే దెబ్బతింటారు. పార్లమెంటు బలంగా ఉన్నచోట మతస్వేచ్ఛ కూడా ఉంటుందన్న లెక్కే తప్పు.

నోట్సులో ఒక్కో రాజ్యానికీ నాలుగు గడులు గీయండి: ఏడాది, ఇచ్చిందెవరు, దక్కిందెవరికి, దక్కనిదెవరికి. చాలామంది ఖాళీగా వదిలేసేది నాలుగోది. మార్కులు దాన్లోనే ఉన్నాయి.

ఇంగ్లండ్ తీసుకోండి. 1689 హక్కుల చట్టం రాజు చేతులు కట్టేసింది. అదే ఏడాది వచ్చిన సహన చట్టం దేశ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చిలో చేరని ప్రొటెస్టెంట్లకు ఆరాధనకు వీలిచ్చింది, కాథలిక్కులకు ఇవ్వలేదు. వాళ్లకు పార్లమెంటు తలుపు తెరుచుకున్నది 1829లో.

దీని పక్కన జర్మన్ రాజ్యం బ్రాండెన్‌బర్గ్-ప్రష్యాను పెట్టండి. అక్కడ పాలకుడి మాటే చెల్లుబాటు. అయినా 1685 అక్టోబరులో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ తన దేశపు ప్రొటెస్టెంట్లకు (హ్యూగెనాట్లు) ఆరాధన హక్కులిచ్చిన నాంట్ శాసనాన్ని (1598) రద్దు చేస్తే, కొద్ది రోజుల్లోనే పోట్స్‌డామ్ శాసనంతో హ్యూగెనాట్లను రమ్మని పిలిచారు. ఇది ఉదారత ఒక్కటే కాదు: ముప్పై ఏళ్ల యుద్ధంలో జనం తుడిచిపెట్టుకుపోయిన నేలకు చేతిపని తెలిసినవాళ్లు కావాలి. 1685లో ‘ప్రష్యా రాజు’ అని రాయకండి, ఆ బిరుదు 1701లో వచ్చింది.

అందరూ మరిచిపోయేది పోలండ్. అక్కడ ప్రభువర్గమే రాజును ఎన్నుకునేది, 1573 వార్సా ఒప్పందం మతం పేరిట రక్తపాతం వద్దంది. కానీ 1652లో ఒక్క సభ్యుడి అభ్యంతరంతో ప్రభువుల పార్లమెంటు సభ చెదిరిపోయింది. 1658లో అదే సభ ఏరియన్లను (త్రిత్వాన్ని ఒప్పుకోని ప్రొటెస్టెంట్ శాఖ) దేశం విడిచి పొమ్మంది. ప్రభువుల రాజకీయ స్వేచ్ఛ పెచ్చుమీరుతున్న రోజుల్లోనే మతసహనం కుంచించుకుపోయింది. వెట్టి రైతుకు ఈ రాజకీయ స్వేచ్ఛలో వాటాయే లేదు. ఇంత మంచి ఉదాహరణ మరోటి దొరకదు, కనీసం నాలుగు వాక్యాలు కేటాయించండి.

జర్మన్ రాజ్యాల మత తగవుపై కుదిరిన ఆగ్స్‌బర్గ్ శాంతి ఒప్పందం (1555) దగ్గర జారిపోతుంటారు. మతం ఎంచుకునే హక్కు పాలకుడిది, ప్రజలది కాదు; అదీ కాథలిక్, లూథరన్ మతాల మధ్యే. మరో ప్రొటెస్టెంట్ శాఖ కాల్వినిస్టులకు గుర్తింపు 1648 దాకా రాలేదు.

సహనానికీ సమానత్వానికీ తేడా చూపమంటే ఆస్ట్రియా ఒక్కటి చాలు. 1781లో అక్కడి పాలకుడు రెండో జోసెఫ్ ప్రొటెస్టెంట్లకు ప్రార్థన మందిరం కట్టుకోనిచ్చాడు. వంద కుటుంబాలుండాలి, గోపురం, గంటలు ఉండకూడదు, వాకిలి వీధివైపు తెరవకూడదు.